సిలువ దాటిన పిమ్మటి త్రోవ: ‘యాత్రికుని ప్రయాణము’పై ఒక పరిశీలన

జాన్ బన్యన్ రచించిన ‘యాత్రికుని ప్రయాణము’ చదివితిమని చెప్పువారిని, అందులో మీకు జ్ఞాపకమున్న ఘట్టమేదియని అడిగి చూడుడు. పెక్కుమంది ఒకే ఘట్టమును చెప్పుదురు. వీపున పెనుమూట మోయుచు క్రైస్తవుడు సిలువ చెంతకు వచ్చును. మూట కట్లు వదలి, జారి, దొర్లి, దిగువనున్న సమాధి నోటబడి మరి కానరాకపోవును. ఆదివారపు పాఠశాలల గోడలకు వ్రేలాడదీయు పటములలోను, సువార్త సభలలో ఉపన్యాసకులు చెప్పు దృష్టాంతములలోను ఎక్కువగా కనబడునది ఈ దృశ్యమే. తప్పేమియు లేదు, ఘట్టము అట్టిది. కాని గ్రంథమును చేతబట్టి పుటలు లెక్కించినచో ఒక సంగతి తేటపడును. ప్రథమభాగమున మూడవవంతు గడవక మునుపే ఈ ఘట్టము ముగియుచున్నది. తక్కిన భాగమంతయు, అనగా గ్రంథమున హెచ్చుభాగము, మూట దిగిన మనుష్యుని కష్టముల చరిత్రము.

ఈ పంపకము యాదృచ్ఛికముగా జరిగినది కాదని నా అభిప్రాయము. గ్రంథము యొక్క అసలు విషయము సిలువకు చేరుట కాదు, సిలువ దాటిన పిమ్మట నడచుట. మన సంఘములలో సాక్ష్యము చెప్పు పద్ధతి అందరెరిగినదే. చీకటిలో నుంటిని, వెలుగు కంటిని, సమాధానము పొందితిని. అంతటితో సాక్ష్యము ముగిసినది. మారుమనస్సు పొందిన పది పదునైదేండ్ల పిమ్మట ప్రార్థన నోటనే ఎండిపోవుట, వాక్యము చదువుచున్నను మనస్సున కంటకపోవుట, దేవుడు వినుచున్నాడా యను శంక రాత్రులందు వేధించుట — వీనికి ఆ సాక్ష్యములో తావు లేదు. అట్టి దశలో నున్నవాడు తన తొలి యనుభవమే బూటకమేమో యని లోలోపల భయపడును; వెలుపల మాత్రము అందరితో కలిసి కీర్తనలు పాడుచుండును. శ్రమ కలిగినచో విశ్వాసము కొరవడినదే కారణమని చెప్పు బోధ కూడ ఇటీవల మిక్కిలి ప్రబలినది. ఆ బోధ విన్నవాని భయము రెట్టింపగును. ఇట్టివాని కొరకే బన్యన్ తన గ్రంథములో మిగిలిన రెండు వంతులు వ్రాసెనేమో యనిపించును.

తెలుగువారికి యాత్రావర్ణనము క్రొత్తది కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, మరుసటి యేడు ఇల్లు చేరెను. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ పోయి వచ్చినవాని వృత్తాంతము. బన్యన్ యాత్రికునకు తిరుగు ప్రయాణము లేదు. వెనుదిరుగుట యనగా నశించుటయే. ఈ భేదమున్నను గ్రంథము దక్షిణదేశ భాషలలో చక్కగా ఇమిడినది. తమిళనాట నున్న మన పిల్లలు దీనిని ‘మోట్చ ప్రయాణం’ అను పేర, కన్నడదేశమున నున్నవారు ‘యాత్రికన సంచార’ అను పేర చదివియుందురు. తిరునెల్వేలి సీమలో వైష్ణవ కుటుంబమున జన్మించి క్రైస్తవుడైన కృష్ణపిళ్ళె, ఈ కథను మూడువేలకు పైబడిన పద్యములలో ‘ఇరట్చణియ యాత్తిరికం’ అను కావ్యముగా 1894లో వెలువరించెను. కంబరామాయణపు ఒరవడిలో నడచిన ఆ కావ్యమునకు గాంభీర్యము కలదు. కాని బన్యన్ మూలమునందలి రుచి వేరు. అది అంగడివీధి భాష. (పాత్రల పేర్లను నేనిచట నా మాటలలోనే పెట్టుకొంటిని, ముద్రిత ప్రతులలో అవి వేరుగా నుండవచ్చును.)

ఆ భాష అతనికి ఎట్లు అబ్బినదో అతని జీవితము చెప్పును. ఇంగ్లండులో బెడ్‌ఫర్డ్ పట్టణమునకు సమీపముననున్న ఎల్‌స్టో గ్రామమున 1628లో పుట్టినవాడు. తండ్రివలెనే ఊరూర తిరిగి చిల్లులుపడిన పాత్రలకు మాట్లు వేసి జీవించెను. పెండ్లినాటికి దంపతులిద్దరికిని కలిపి ఒక కంచమో గరిటెయో లేదట. భార్య పుట్టింటినుండి తెచ్చినవి రెండు భక్తిపుస్తకములు మాత్రమే. కట్నముల సంగతి బాగుగా నెరిగిన మనకు ఈ సమాచారము చాలును. రాజు నంగీకరించిన సంఘము అనుమతి లేకుండ బోధించెనను నేరమునకు 1660లో అతనిని చెరలో వేసిరి. ఆ చెర మొత్తము మీద పన్నెండేండ్లు, 1672 వరకు సాగినది. గ్రుడ్డిదగు పెద్దకుమార్తె మేరి, తక్కిన బిడ్డలు, భార్య వెలుపల నుండిరి. అతడు చెరలో కూర్చుండి కొనలకు రేకు చుట్టిన నాడాలు అల్లి, వానిని అమ్మించి, వారిని పోషించెను. 1666లో ఆ చెరనుండియే ‘పాపులలో ప్రధానునకు పొంగిపొరలిన కృప’ అను అర్థము గల పేరుతో తన ఆత్మకథను ప్రకటించెను. ‘యాత్రికుని ప్రయాణము’ ప్రథమభాగము 1678లోను, ద్వితీయభాగము 1684లోను వెలువడినవి. 1688లో అతడు లండనులో మరణించెను.

ఆత్మకథను చదువనిదే యాత్రికుని కథ లోతు తెలియదు. అందు బన్యన్ తన మనోవ్యాధిని దాచలేదు. క్రీస్తును అమ్మివేయుమను తలంపు అతనిని విడువక వెంటాడెను. భోజనము చేయుచున్నను, పనిముట్టు చేతబట్టినను అదే మాట. ఒకనాటి ఉదయము విసిగి, పోవలెనన్న పోనిమ్ము అను తలంపునకు లోబడెను. అంతటితో జ్యేష్ఠత్వమును ఒక పూట కూటికి అమ్ముకొన్న ఏశావు తానే యను నిశ్చయము కలిగినది. కన్నీటితో వెదకినను ఏశావునకు మారుమనస్సు పొందుటకు తావు దొరకలేదని చెప్పు వాక్యము అతనిని చాలకాలము కాల్చినది. కృప చాలునను మరియొక వాక్యము దానికెదురుగా నిలిచెను. ఒకప్పుడు ఒకటి, ఒకప్పుడు వేరొకటి మొగ్గుచు, తన మనస్సు తక్కెడవలె ఊగులాడెనని అతడే వ్రాసెను. ఇది మారుమనస్సుకు పూర్వపు పాపి కథ కాదు. దేవుని ప్రేమను రుచి చూచిన పిమ్మట కలిగిన అవస్థ. గమనింపదగిన సంగతి ఇదియే.

ఇక కథకు వత్తము. త్రోవ మొదటనే నిరుత్సాహపు ఊబి యున్నది. రాజుగారి పనివారు తరతరములుగా, వేలకొలది బండ్ల మంచి ఉపదేశమును తెచ్చి అందులో పోసిరట. అయినను అది ఊబిగానే యున్నది. బోధకవృత్తిలో నున్నవారు ఈ వాక్యమును ఏటికొకసారి చదువుకొనవలెను. ఉపదేశముతో పూడని గుంటలు కొన్ని కలవని, తానే గొప్ప బోధకుడైన బన్యన్ ఒప్పుకొనుచున్నాడు. ఊబి నడుమ అడుగిడుటకు మెట్లు కలవు. కాని వాతావరణము మారినప్పుడు అవి కనబడవు.

సిలువ దాటిన కొలదికాలమునకే కష్టగిరి ఎదురగును. దాని పాదమున ఊట యున్నది, సగము కొండమీద విశ్రమించుటకు రాజు కట్టించిన పందిరి యున్నది. కొండకు ఇరుప్రక్కల చదునైన త్రోవలు రెండు కలవు గాని, అవి పోవునది నాశనమునకు. సరియైన త్రోవయే నిట్టనిలువుగా నున్నది. క్రైస్తవుడు మొదట పరుగెత్తును, పిదప నడచును, తుదకు చేతులతో మోకాళ్లతో ప్రాకును. అటుపిమ్మట వచ్చు దీనతాలోయ, గాఢాంధకారపు లోయ కూడ రాజమార్గముననే యున్నవి. యాత్రికుడు త్రోవ తప్పినందుచేత ఆ లోయలోనికి రాలేదు. త్రోవ తప్పనందుచేతనే వచ్చెను. శ్రమను అవిశ్వాసమునకు గుర్తుగా చూపు బోధకు ఇంతకంటె సూటియైన ప్రత్యుత్తరము నేనెరుగను.

ఆ లోయలో ఒక చిన్న సంగతి కలదు. ఒక దురాత్మ మెల్లగా వెనుకనుండి వచ్చి, క్రైస్తవుని చెవిలో దేవదూషణ వాక్యములను గుసగుసలాడును. క్రైస్తవుడు వానిని తన మనస్సునందే పుట్టినవని యెంచి, అంతకుముందు కలిగిన ఏ బాధకన్నను అధికముగా బాధపడును. చెవులు మూసికొనవలెనను బుద్ధియు వానికి తోచలేదు, ఆ మాటలు ఎచటనుండి వచ్చుచున్నవో గుర్తించు బుద్ధియు తోచలేదు. మూడువందల ఏండ్ల నాటి ఒక మాట్లు వేయువాడు మనస్సును ఇంత సన్నగా పరిశీలించి, నాలుగు పంక్తులలో చెప్పి ముందుకు సాగిపోయినాడు. వచ్చిన ప్రతి తలంపును నాదేయని మోయుచున్నవారికి ఈ నాలుగు పంక్తులు పెద్ద యూరట. ఆ చీకటిలో క్రైస్తవునకు ధైర్యము కలిగించినదేమి? దేవదూత దిగి రాలేదు. ముందు ఎచటనో మరియొకడు నడచుచు, భయపడనని చెప్పు కీర్తన వాక్యమును పలుకుచున్న ధ్వని వినబడినది. మనిషి కనబడలేదు, ధ్వని మాత్రమే.

గ్రంథమునకు గుండెకాయ యనదగినది సందేహదుర్గ ఘట్టము. ఇది ఎచటనున్నదో చూడుడు. అపొల్లుయోనుతో పోరాటము ముగిసినది. లోయ దాటినది. మాయసంతలో సహచరుడు నమ్మకస్థుడు హతసాక్షియైనాడు. ఇన్ని గెలిచినవాడు ఇప్పుడు పడిపోవుటకు హేతువు మిగుల స్వల్పము: త్రోవ గరుకుగా నున్నది, పాదములు నొచ్చినవి. ప్రక్కన మెత్తని పచ్చిక, దానిగుండ త్రోవకు సమముగా పోవుచున్నట్లుండు కాలిబాట. దాటి నడతము రమ్మని నిరీక్షణుని ప్రేరేపించినవాడు క్రైస్తవుడే. చీకటి పడును, వాన, ఉరుములు, వరద. అలసి నిదురించిన ఇరువురిని తెల్లవారగనే నిరాశాసురుడు పట్టి, తన కోటలోని చీకటికొట్టులో పడవేయును. బుధవారము ఉదయము మొదలు శనివారము రాత్రి వరకు అన్నము లేదు, నీరు లేదు, వెలుతురు లేదు. క్రైస్తవునకు దుఃఖము ద్విగుణము, తన సలహా వలననే తోడివాడును చిక్కెను గనుక.

రాక్షసుడు తన భార్య అపనమ్మిక చెప్పిన ఉపాయములను పాటించును. తొలుత కర్రతో కొట్టును. పిదప, ఇచటినుండి విడుదల లేదు గనుక కత్తియో ఉరియో విషమో చూచుకొనుడని హితము చెప్పును. ఈ హితోపదేశమే దెబ్బలకన్న భయంకరము. క్రైస్తవుడు దానికి సగము లోబడుచున్నాడు కూడ. ఇప్పుడు నిరీక్షణుడు చెప్పు మాటలు శ్రద్ధగా వినదగినవి. ప్రాణహత్య నిషిద్ధమని చెప్పును, నిజమే. ఆపైన అతడు సిద్ధాంతము బోధింపడు. ఎవడెరుగును, రాక్షసుడు చావవచ్చును. ఒకనాడు తలుపు మూయ మరచిపోవచ్చును. మొన్నటివలె వానికి మూర్ఛ రావచ్చును అని మాత్రము అనును. ఈ రాక్షసునకు ఎండకాసిన దినములలో ఒక్కొక్కప్పుడు మూర్ఛ వచ్చి చేయి పడిపోవునట. దీనికి బన్యన్ వ్యాఖ్యానము వ్రాయలేదు, మంచిపని చేసినాడు. నిరాశలో మునిగినవారిని కనిపెట్టి కూర్చుండినవారికి దాని యర్థము తెలియును.

శనివారము అర్ధరాత్రి ఇరువురును ప్రార్థింప మొదలుపెట్టి, ఇంచుమించు తెల్లవారువరకు ప్రార్థింతురు. అప్పుడు క్రైస్తవునకు తటాలున స్ఫురించును: నా రొమ్మున వాగ్దానమను తాళపుచెవి యున్నదే! అది ఈ కోటలోని ఏ తాళమునైనను తీయును. తెల్లవారుచున్నది ఆదివారము. ఆ మాట బన్యన్ నోటితో చెప్పడు. దినములు లెక్కించుకొనువాడు లెక్కించుకొనును. ఇంకొక సూక్ష్మము: తాళపుచెవి యున్నంత మాత్రమున అన్ని తలుపులును సులువుగా రాలేదు. కడపటి ఇనుపద్వారపు తాళము మహా కష్టము మీద తిరిగినది.

ఈ తాళపుచెవిని చూచి కొందరు విమర్శకులు పెదవి విరుతురు. ఉన్నదానిని నాలుగుదినములు మరచిపోవుట కథకుని సౌకర్యము కొరకే యని వారి ఆక్షేపణ. బన్యన్ చెరను జ్ఞప్తియందుంచుకొనినచో ఈ ఆక్షేపణ నిలువదు. బెడ్‌ఫర్డ్ చెరకు కూడ ఒక తాళపుచెవి యుండెను, అదియు వాగ్దానమే. ఇకమీదట బోధింపనని అధికారులకు మాట యిచ్చియుండినచో అతనికి విడుదల కలిగియుండెడిది. ఆ చెవి చేతనుండియు అతడు పన్నెండేండ్లు వాడలేదు. మనుష్యునకు తానీయవలసిన వాగ్దానమును నిరాకరించి చెరలో నిలిచినవాడే, దేవుడు తనకిచ్చిన వాగ్దానమును మరచి చెరలో మగ్గినవాని కథను వ్రాసినాడు. అట్టివానికి తాళపుచెవి కథాసౌకర్యము కానేరదు.

చెర యనగానే తెలుగు హృదయమునకు రామదాసు స్ఫురించుట సహజము. అతడును ఆ శతాబ్దమువాడే. గోలకొండ చెర కూడ పన్నెండేండ్లనియే సంప్రదాయము చెప్పును. కాని ఇరువురి వాక్కులకును గల భేదము గొప్పది. రామదాసు దేవుని నిలదీయును, లెక్కలడుగును, దెప్పిపొడుచును, పిదప తానే నొచ్చుకొనును. బన్యన్ తన్ను తానే నిలదీసికొనును. భక్తుడు భగవంతునితో కలహింపగల చనువు మన సంప్రదాయమున నున్నది; దావీదు కీర్తనలయందును యోబు గ్రంథమునందును నున్నది. బన్యన్ రచనయందు అది మిక్కిలి తక్కువ. ఇది లోపమనియే నేను తలంతును. చీకటికొట్టులో నాలుగుదినములలో ఒక్కసారియైనను క్రైస్తవుడు దేవునిపై ఫిర్యాదు చేసియుండినచో, తాళపుచెవి మరికొంత ముందుగా జ్ఞాపకము వచ్చియుండెడిదేమో!

కోటనుండి బయటపడినవారు అడ్డదారి మొదట ఒక స్తంభము నాటి, హెచ్చరిక చెక్కి, సాగిపోవుదురు. పిదప రమ్యపర్వతములమీద గొర్రెలకాపరులు వారికి ఒక దృశ్యము చూపుదురు: సమాధుల నడుమ తడవుకొనుచు తిరుగు గ్రుడ్డివారు. నిరాశాసురుడు కన్నులు పొడిచి విడిచిన యాత్రికులు వారు. అది విని క్రైస్తవుడును నిరీక్షణుడును ఒకరినొకరు చూచుకొందురు. కన్నీరు ధారలుగా కారును. కాపరులతో మాత్రము ఏమియు చెప్పరు. గ్రంథమంతటిలో నాకు మిక్కిలి ప్రియమైన తావు ఇది. సాక్ష్యమీయుటకు ఇంతకన్న తగిన సమయము లేదు, వారు ఈయలేదు.

ప్రథమభాగమున దోషములు లేకపోలేదు. సిద్ధాంతచర్చలు కొన్నిచోట్ల కథను త్రొక్కివేయును. భార్యాబిడ్డలను విడిచి చెవులు మూసికొని పరుగెత్తు ఆరంభఘట్టము మన కుటుంబధర్మమునకు నేటికిని కటువుగానే తోచును. అజ్ఞానుడను పాత్రను పరలోకద్వారము కడనుండియే నరకమునకు పంపుట యందు బన్యన్ కరుణ ఎండిపోయినది. పదునెనిమిదవ అధ్యాయము లూకా వ్రాసినది చదివినవాడు, అక్కరలేని కాఠిన్యము చూపినాడనుటకు సంకోచింపను.

ఆరేండ్ల పిమ్మట వచ్చిన ద్వితీయభాగమున ఆ కరుణ తిరిగి ఊరినది. సంగ్రహప్రతులు చదువువారు తరచు దీనిని చూడనే చూడరు. వారికి ఇది గొప్ప నష్టము. క్రైస్తవుని భార్య క్రైస్తవి బిడ్డలతోను, చెలికత్తెతోను, ధీరహృదయుడను మార్గదర్శి తోడుగా ఇప్పుడు బయలుదేరును. నడవలేనివారందరు దారిలో వచ్చి కలియుదురు. ధీరహృదయుడు నిరాశాసురుని చంపి కోటను పడగొట్టినప్పుడు, కుంటినడకవాడు ఒక చేత ఊతకర్ర పట్టుకొనియే, కోటనుండి విడిపించిన అతిభీత యను కన్యతో కలిసి త్రోవలోనే నాట్యమాడును. క్రైస్తవి వాద్యము వాయించును. ఊతకర్ర పారవేసి ఆడలేదు, పట్టుకొని ఆడినాడు. అయితే పాపము ఆ కోటను మరల కట్టగలదని బన్యన్ ఆ సంతోషము నడుమనే హెచ్చరించుట మరువడు.

భయశీలుని కథ ఇంకను మేలైనది. అతడు నిరుత్సాహపు ఊబి యొడ్డున నెలకు పైగా పడియుండెను. పలువురు దాటిపోవుచు చేయి యందిచ్చినను లేవడు; వెనుకకు పొమ్మన్నను పోడు. ఒకనాడు ఎండకాసిన ఉదయమున ఎట్లో దాటినాడు. దాటిన పిమ్మట తాను దాటితినని నమ్మలేకపోయినాడు. ఊబిని అతడు తన మనస్సులోనే మోసికొని తిరిగెనని ధీరహృదయుడు చెప్పును. ద్వారము తట్టుటకు వెరచి చలిలో వణకుచు నిలిచెను. కాని కష్టగిరిని చూచి జంకలేదు. సింహములను చూచి బెదరలేదు. ఇతరులకు భయంకరమైన దీనతాలోయలో అతనికి ప్రాణము లేచివచ్చినది. నేలను కౌగిలించుకొని, అచటి పూవులను ముద్దాడుచు, తెల్లవారకముందే లేచి అందు తిరుగాడెను. మాయసంతలో సంతవారందరితోను పోట్లాడుటకు సిద్ధపడెను. అతని భయము త్రోవలోని కష్టములను గూర్చి కాదు. తుదకు తన్ను చేర్చుకొందురో లేదో యను నొక్క సంగతిని గూర్చియే. అట్టివాని ఉదాసీనతను విశ్వాసహీనత యని చెప్పుట సులభము. బన్యన్ అట్లు చెప్పలేదు. గాఢాంధకారపు లోయ గుండ అతడు పోవునప్పుడు, మునుపెన్నడును లేని నిశ్శబ్దము ఆ లోయలో నుండెనని మార్గదర్శి జ్ఞాపకము చేసికొనును.

కడపట మృత్యునది. ప్రథమభాగమున ఇన్ని గెలిచిన క్రైస్తవుడు ఆ నదిలో మునిగిపోవుచుండగా నిరీక్షణుడు అతని తల పైకెత్తి పట్టుకొనవలసి వచ్చెను. భయశీలుడు ఒడ్డునకు చేరినప్పుడు, ఇక మునిగిపోవుట నిశ్చయమని విలపించెను. ఆనాడు నదిలో నీరు, ధీరహృదయుడు తన జీవితమున చూచిన దినములన్నిటికంటెను తక్కువగా నుండెను. అతడు పాదములకు పైన కొంచెము తడిసి దాటిపోయెను.